పదిహేడు అంగుళాల తెర

ఎమ్మిగనూరు,
జూన్ 4.

చిరంజీవి ఇర్ఫానాకు శంకరన్న చిన్నాయన ఆశీస్సులు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నీ మాట నాకు వినపడదు, నా మాట వీధి చివరిదాకా వినపడుతుంది.

సంగతి ఇది. నలభై ఏళ్లుగా చీరల అంచులకు నెమళ్లు, హంసలు గళ్ల కాగితం మీద గీస్తున్నాను. మీ గౌరమ్మ పిన్నమ్మ ఆ గళ్లు చూసి అట్టలకు చిల్లులు కొడుతుంది. ఆ అట్టలు మగ్గానికెక్కుతాయి. మొన్న మాకు పనిచ్చే మంజునాథ్ వచ్చి, "అన్నా, శ్రావణం నుంచి కాగితాలు తీసుకోను. కంప్యూటర్లో గీసి పంపు. చిల్లులు మిషనే కొడతాది" అన్నాడు. కుదరదంటే అంచులు ఇంకొకరికి ఇస్తాడట. తన లాప్‌టాప్‌లో చూపించాడు. గళ్లు నువ్వుగింజల్లా ఉన్నాయి.

నీ షాపులో పదిహేడు అంగుళాల తెర ఉన్నవి దొరుకుతాయని విన్నాను. కొనమంటావా? మీ నాయన బడే సాబ్, నేను చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లం. కాబట్టి అందులోని లోపాలు దాచకుండా రాయి.

ఇట్లు,
శంకరన్న

తా.క. గౌరమ్మ వద్దంటోంది. ఎందుకో చెప్పడం లేదు. ఎందుకో చెప్పకుండా వద్దంటే నాకు కొనాలనిపిస్తుంది.

*

ఆదోని,
జూన్ 8.

చిన్నాయనకు ఇర్ఫానా సలాములు.

లోపాలు అడిగి తెలుసుకుని కొనేవాళ్లు మా షాపుకి ఇంతవరకు రాలేదు. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

అది దగ్గర దగ్గర మూడు కిలోలుంటుంది. మామూలు సంచిలో పట్టదు. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే సగం పక్కవాళ్ల ఒళ్లోకి వస్తుంది. పరుపు మీద పెట్టి వాడితే కింద గాలి ఆడక వేడెక్కుతుంది. కరెంటు లేకపోతే రెండు గంటలకే చచ్చిపోతుంది. ఇంకొకటి, పదిహేడు అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత. వెడల్పు కాదు.

ఇంట్లోనే కూర్చుని పని చేసుకునే మనిషికి ఇవేవీ పెద్ద ఇబ్బందులు కావు. కాదంటే చిన్న లాప్‌టాప్ కొని, దానికి పెద్ద తెర విడిగా తగిలించుకోవచ్చు. ఆలోచించండి.

మీ బిడ్డ,
ఇర్ఫానా

తా.క. "శంకర్‌ను ఆలోచించమని మాత్రం రాయొద్దు. వాడు ఒక జత చెప్పులు కొనేదానికి రెండు వానాకాలాలు ఆలోచించినాడు" అంటున్నాడు మా నాయన. అప్పటికే రాసేశాను.

*

ఎమ్మిగనూరు,
జూన్ 12.

అమ్మా ఇర్ఫానా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మా పనిలో పన్నా అంటే అడ్డంగా ఉన్న వెడల్పు. మేము బట్టను మూల నుంచి మూలకు కొలిచి అమ్మితే ఊళ్లో నిలవనిస్తారా? పోనీ, అది మీ వ్యాపారం తీరు అనుకుందాం. రెండు గంటలకే చచ్చిపోయే సామానా చిన్నాయనకు అమ్మాలనుకున్నావు? నెమలి తోక ఒక్కటి గీయడానికే నాకు మూడు గంటలు పడుతుంది. లోకంలో తోక లేని నెమలిని ఎవరు కట్టుకుంటారు?

పైగా పరుపు మీద పెడితే కాలుతుందట. మా ఇంట్లో అన్నీ నూలు, పట్టు.

ఇంకొక విషయం. నీ ఉత్తరం నేను పైకి చదువుకున్నాను. నాకు మెల్లగానే వినపడింది కానీ, వీధంతా విన్నది. ఎదురింటి ఏసన్న తన కూతురికి నీ దగ్గరే లాప్‌టాప్ కొనాలనుకున్నాడట. "ఇంగ యాడికి పోవాలన్నా?" అని నన్ను అడిగాడు. నేనేం చెప్పేది?

ఇట్లు,
శంకరన్న

తా.క. గౌరమ్మ చాలా సంతోషంగా ఉంది. నిన్న పండుగ లేకపోయినా ఓళిగలు చేసింది.

*

ఆదోని,
జూన్ 17.

చిన్నాయనా,

చచ్చిపోవడమంటే ఛార్జింగ్ అయిపోవడం. వైరు తగిలిస్తే మళ్లీ లేస్తుంది. కాలుతుందని నేను రాయలేదు, వేడెక్కుతుందని రాశాను. బల్ల మీద పెట్టుకుంటే ఆ బాధ కూడా ఉండదు.

నిన్న మీ వీధి నుంచి ముగ్గురు వచ్చారు. ఒకాయన కుర్చీ లాక్కుని, గడియారం చూసుకుంటూ లాప్‌టాప్ ముందు రెండు గంటలు కూర్చున్నాడు. అది చావలేదు. "ఇది వేరే రకం. ఆ సచ్చేది లోపల దాసిపెట్టినారు" అని లేచి వెళ్లిపోయాడు. ఇలాగే జరిగితే నేను షాపు మూసుకోవాలి.

ఇది ఉత్తరాలతో తేలేది కాదు. షాపులో చూపించడానికి పెట్టిన పదిహేడు అంగుళాల లాప్‌టాప్‌ను వచ్చే సోమవారం మా అన్న నౌషాద్‌తో పంపిస్తున్నాను. అతను గీయడం నేర్పిస్తాడు. వారం రోజులు వాడి చూడండి. నచ్చకపోతే తిరిగి పంపండి. నచ్చితే ఆ సంగతి కూడా ఇంతే గట్టిగా చదవండి.

మీ బిడ్డ,
ఇర్ఫానా

తా.క. ఆ ముగ్గురిలో ఇంకొకాయన, "పక్కన ఎన్ని బిందెల నీళ్లు పెట్టుకోవాల?" అని అడిగాడు. ఒక్క చుక్క కూడా దగ్గరికి రానివ్వద్దని అందరికీ చెప్పండి.

*

ఎమ్మిగనూరు,
జూలై 3.

ఇర్ఫానాకు గౌరమ్మ పిన్నమ్మ దీవెనలు.

మీ చిన్నాయన తాను రాయనన్నాడు. అందుకని నేను రాస్తున్నాను.

లాప్‌టాప్ వచ్చింది. చావలేదు, కాలలేదు. నౌషాద్ ఓపికగా నేర్పించాడు. మీ చిన్నాయన మూడు రోజులు కూర్చుని నెమలిని గీశాడు. నాలుగో రోజు మంజునాథ్ వచ్చి తెర వైపు చాలాసేపు చూశాడు.

"అన్నా, దీనికి మూడు కాళ్లుండాయి" అన్నాడు.

మీ చిన్నాయన తెరకు ముక్కు ఆనించి లెక్కపెట్టాడు. "నేను గీసింది రెండే. మూడోది మిషన్ గీసింటాది" అన్నాడు.

ఇక నేను నోరు తెరవాల్సి వచ్చింది. రెండేళ్లుగా ఆయనకు చూపు ఆనడం లేదమ్మా. కాగితం మీద గళ్లు తప్పేవి. అట్టలకు చిల్లులు కొట్టేది నేనే కాబట్టి, చప్పుడు చేయకుండా సరిదిద్ది కొట్టేదాన్ని. చీర చూసి అందరూ ఆయన చేతిని మెచ్చుకునేవాళ్లు. మిషన్‌కైతే ఆ మొహమాటం ఉండదు, ఆయన గీసింది గీసినట్టే కొట్టేస్తుంది. అందుకే లాప్‌టాప్ వద్దన్నాను.

ఇదంతా విని మీ చిన్నాయన, "ఎన్ని సరిదిద్దినావు?" అని అడిగాడు.

"లెక్కపెట్టలేదు" అన్నాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే కుర్చీ తుడిచి, "ఈడ కూర్చో. తోక నువ్వు గీయి. ఎట్ల తిప్పాలనో నేను సెప్తా" అన్నాడు. కూర్చున్నాను. ఆయన చెప్పాడు, నేను గీశాను. మధ్యలో నాలుగుసార్లు పోట్లాడుకున్నాం. నెమలికి కాళ్లు రెండే వచ్చాయి. శ్రావణం చీరలకు అదే అంచు అని మంజునాథ్ తీసుకుపోయాడు.

నా కళ్లకు చిన్న తెర కూడా చాలు. పెద్దది మీకు తిరిగి పంపిద్దామన్నాను. మీ చిన్నాయన ఒప్పుకోలేదు. "ఒకరికైతే చిన్నదే సాలు. ఇద్దరం సూడాలంటే ఇదే కావాల" అన్నాడు. కాబట్టి ఉంచుకుంటున్నాం. వచ్చే వారం ఆయన్ను కంటి డాక్టరుకు చూపించడానికి ఆదోని వస్తున్నాం. మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే.

ఇట్లు,
గౌరమ్మ

తా.క. తప్పు గీస్తే, గీయకముందు ఎలా ఉందో అలా వెనక్కి తెచ్చే మీట ఒకటుందని నౌషాద్ చూపించాడు. ఆ రెండు రోజులు మాట్లాడనిదానికి కూడా అది పనిచేస్తుందా అని మీ చిన్నాయన అడగమన్నాడు. చేయదని నేనే చెప్పేశాను. నువ్వు వేరేగా రాయొద్దు.