తుప్పు మగ్గు

నాన్నా,

నేను బాగున్నాను, ఉద్యోగం ఇంకా ఊడలేదు. "సారీ చెప్పి బయటపడు" అని రాశావు. చెప్పను. ఆ రోజు మా ల్యాబ్‌లో పాత్ర పొంగి బల్లంతా పాడైంది నా వల్ల కాదు. పెద్దసారు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని తుప్పు పట్టిన ఇనప మగ్గుతో ఒక్కసారే కుమ్మరించారు. తుప్పు తగిలితే అదంతా నురగై పోతుంది. మా టైటానియం పొడి మాత్రం అందులోంచి ఒక్కో ఆక్సిజన్‌నీ తీసి, మేం తయారుచేసే ఫోము పరుపుల ముడిసరుకులో సరిగ్గా కావలసిన చోటే అంటిస్తుంది. మిగిలేది నీళ్లే. నిన్న అందరి ముందూ అదే పెరాక్సైడ్‌ని గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మూడు గంటలు వేసి చూపించాను. పొంగితే ఒట్టు! "ఏదో కలిసొచ్చిందిలేమ్మా" అన్నారాయన.

నీ దగ్గు ఎలా ఉంది? ఇదే సరుకు కోసం నువ్వు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు క్లోరిన్ పీల్చావు. ఆ గాలి లేకుండా చేసే దారి దొరికాక నన్ను తగ్గమంటావేం? నా పాత కళ్లజోడు పంపించు, ఉన్నది ఆ నురగలో పడి పాడైంది. చెల్లి పరీక్ష ఏమైంది? అమ్మని దిగులు పడొద్దను.

క్షమాపణ రాసిమ్మని పెద్దసారు తెల్లకాగితం ఇచ్చారు. నిన్నటి కొలతలన్నీ దాని మీదే రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

నీ పోలికే వచ్చిన
పెద్దమ్మాయి