కోడలు మాట్లాడిన సభ

పటాన్‌చెరు మండలం,
15-4-1996

బిడ్డ సుమిత్రకు మీ నాయన ఎల్లయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క నీళ్ళు తప్ప. బోరు నీళ్ళు ఇంకా పచ్చగానే వస్తున్నాయి, అదే మందుల కంపు. కంది ఊళ్ళో మీ అత్తామామలను, అల్లుణ్ణి అడిగానని చెప్పు.

నిన్న మన ఊరి బడిలో గ్రామసభ జరిగింది తల్లీ. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి, అందుకే ఈ ఉత్తరం.

మీ వదిన దేవమ్మ సర్పంచ్ అయిందన్న మాటే గానీ, కుర్చీలో కూర్చునేది మీ అన్న నర్సింహే. నిన్నా అంతే. మండల ప్రెసిడెంటు పక్కన దర్జాగా కూర్చున్నాడు. కోడలేమో తల మీద కొంగు కప్పుకుని తలుపు దగ్గర నిలబడింది. నా ఎదుట కుర్చీలో కూర్చోదు, గొంతెత్తదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి మన ఇంటి పద్ధతి అదే కదా. నాకూ అది గొప్పగానే ఉండేది.

మంజీర నీళ్ళ పైపు మన ఊరికి వస్తోంది. నల్లాలు మొదట ఎటు వేయాలో సభలో తేల్చాలి. మీ అన్న పెద్దబజారుకే అన్నాడు. అంటే మన ఇంటి ముందుకే. మందుల ఫ్యాక్టరీ మురుగు కాలువ పారేది కూలివాళ్ళ వాడ పక్కనుంచి, వాళ్ళకేమో తర్వాత చూద్దామన్నాడు. అప్పుడు లేచింది ఆగమ్మ, మన పొలంలో నాట్లు వేసే ముసలామె. "నీకెవడేసిండు ఓటు, నర్సింహా? మేం దేవమ్మకు ఏసినం. ఆమెనే చెప్పమను" అని కడిగేసింది. మీ వదిన నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నేనున్నంతసేపు ఆ నోరు పెగలదని నాకర్థమైంది. బర్రెకు నీళ్ళు పెట్టాలంటూ లేచి బయటికి వచ్చేశాను.

ఇక తర్వాతది ఆగమ్మ చెప్పిన ముచ్చట. మీ వదిన మీ అన్ననే లేపిందట! "జెర లేవు, గది నా కుర్సీ" అన్నదట. కూర్చుని, "నల్లా ముందుగాల ఆగమ్మోళ్ళ వాడకు రావాలె. మా ఇంటికి ఆఖరుకు ఇయ్యుండ్రి" అన్నదట. మన ఇంటికి ఆఖరున, విన్నావా! మండల ప్రెసిడెంటు సరే సరే అంటూ జీపు వైపు కదిలితే, "గట్ల పోతే ఎట్ల సారూ? గా వాడ సూసి పోండ్రి. ఈ పచ్చ నీళ్ళతోనే వండుకుంటున్నరు" అని నడిపించుకుపోయిందట. ఊరు ఊరంతా వెనకాలే. ఆయన కాలువ దగ్గర ముక్కు మూసుకుని, తీర్మానం కాగితం అక్కడికే తెప్పించుకుని సంతకం పెట్టాడట.

ఏం చెప్పను బిడ్డా. నా ముందు వంచిన ఆ తలలో ఊరంతా ఉందని నాకేం తెలుసు! మీ అన్న మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. తిరగనీ.

ఇట్లు
మీ నాయన
ఎల్లయ్య

ఇంకో మాట: ఆగమ్మ చెప్పిందని రాశాను గానీ, అది అబద్ధం. నేను బర్రె దగ్గరికి పోనే లేదు. బడి గోడ వెనుక ఎండలో నిలబడి విన్నాను, వాడ దాకా జనం వెనుక దాక్కుంటూ నడిచాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఈ పొద్దు అన్నం పెడుతూ మీ వదిన, "మామా, మళ్ళసారి గోడెనక నిలవడకు, ఎండ కొడ్తది. కిటికీల నీ తల రుమాలు సూసుకుంటనే మాట్లాడిన. లోపటికొచ్చి కూసో" అన్నది. తలెత్తే అన్నది.