రాజు గుడ్లు పెట్టాడు

రిఫా, 1985, శుక్రవారం రాత్రి

ఈ అరబ్బు దేశంలో ఈయనతో పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరు స్వదేశం వెళ్తూ వదిలిపోయిన కొండచిలువను ఇవాళ బుదైయా ఊళ్ళో జంతువుల్ని పెంచే తోటవాళ్ళకు ఇచ్చేయాల్సింది. పోరుపెట్టి ఒప్పించింది నేనే. గాజుపెట్టె ఎత్తబోతూ ఈయన కేకేశారు.

"ఏమేవ్, మన రాజు గుడ్లు పెట్టాడే!"

"మగపామన్నారుగా?"

"ఆ ఇంజనీరు చెప్పాడు, నేను నమ్మాను. నేనేమన్నా మంత్రసానినా?"

పడీపడీ నవ్వుకున్నాం. పాము మాత్రం గుడ్లను చుట్టుకుని, వాటి మీద తల ఆనించి పడుకుంది. నాకు మనసు ఆగలేదు.

"బాలింతను గడప దాటిస్తామా? ఉండనివ్వండి," అన్నాను. ఏసీ గాలి తగలకుండా పెట్టె మీద నా పాత చీర కప్పాను.

ఇన్నేళ్ళూ ఒంటరిగా ఉన్న పాము, ఆ గుడ్లు పిల్లలు కావంటున్నారు ఈయన. ఏమో, అయితే? అన్నిటికీ పేర్లెక్కడ వెతకను...