నాన్న ముక్కాలిపీట

గురువారం, పంపు గది నుంచి

అమ్మా,

మనవరాలిని ఒళ్ళో వేసుకుని ఈ ఉత్తరం విప్పుతుంటావు. ముందు దాన్ని అక్కకిచ్చేసి, తలుపు దగ్గరగా వేసుకుని చదువు. అక్కకి మాత్రం వినిపించకు, బాలింతకి ఈ గోల వద్దు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ! ఫోన్‌లో అయితే రెండో మాటకే నా గొంతులో తేడా పట్టేస్తావు, మూడో మాటకి నేను ఏడ్చేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను. ఎనిమిదింటి బస్సు డ్రైవరు బాబాయి చేతికి ఇస్తున్నాను.

నాకు భయంగా ఉందమ్మా. తమాషాకి చెప్పడం లేదు. నాలుగు రోజులుగా వీధిలో ఎవరి సైకిలు బెల్లు మోగినా పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

బడి వీధికీ మిల్లు వీధికీ నీళ్ళ దగ్గర కొట్లాట జరిగిందని నీకు ఎవరో చెప్పే ఉంటారు. బడి వీధిలో మన టైలర్ మామయ్య తలకి పన్నెండు కుట్లు పడ్డాయని, కుడికన్ను ఇంకా తెరుచుకోవడం లేదని చెప్పి ఉండరు. ఆయన కొట్టడానికి వెళ్ళలేదు, కొడుకుని వెనక్కి లాక్కురావడానికి వెళ్ళాడు. రాయికి అవన్నీ ఏం తెలుస్తాయి? మర్నాడు బడి వీధి కుర్రాళ్ళు మిల్లు వీధిలో రెండు ఇళ్ళ కిటికీలు పగలగొట్టారు. ఆ మర్నాడు మిల్లు వీధి వాళ్ళు బడి వీధిలో కుళాయి గొట్టం కోసేశారు. ఇప్పుడు రెండు వీధుల మధ్య ఉన్న చిన్న వంతెన మీద మనిషి నడవడం లేదు. ఆదివారం పది గంటలకి వాల్వు గుంట దగ్గర తేల్చుకుందామని రెండువైపుల వాళ్ళూ అనుకున్నారు. తేల్చుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నిన్న మిల్లు వీధిలో ఇంటింటి ముందూ కర్రలు చెక్కుతున్నారు, చూశాను. పెళ్ళిపందిరికేమీ కాదు కదా.

ఇప్పుడు అసలు మాట. దీని ముందు రెండు కాగితాలు చింపేశాను.

బడి వీధి వాళ్ళేమో మిల్లు వీధి వాళ్ళు మా పంపు గది కడ్డీలాంటి దొంగ కడ్డీ చేయించి వాల్వు తిప్పుకున్నారంటున్నారు. మిల్లు వీధి వాళ్ళేమో మేం వాల్వు ముట్టుకోలేదని పిల్లల మీద ఒట్టు పెడుతున్నారు. వాళ్ళు చెప్పేది నిజమే అమ్మా. వాల్వు తిప్పింది నేను.

రెండు వారాల కిందట పొద్దున అయిదింటికి నేను ఎప్పటిలా నీళ్ళు వదలడానికి పంపు గది తాళం తీస్తుంటే మిల్లు వీధి మీసాలాయన బండి ఆపాడు. వాళ్ళింటి వెనక కొత్త తొట్టి కట్టించాడులే. "ఏమ్మాయ్, రోజూ చీకట్లోనే వస్తావు, ఒక్కదానివే, కదా?" అన్నాడు. అవునన్నాను. "మా వీధికి ఇంకో అరగంట వదులు, నీ సొమ్మేం పోయింది?" అని నవ్వి వెళ్ళిపోయాడు. అంతే. చెయ్యెత్తలేదు, తిట్టలేదు. కానీ ఆ 'ఒక్కదానివే' అన్న మాట ఉంది చూడు, అది నా వెనకాలే ఇంటిదాకా వచ్చింది. ఆరున్నరకి కట్టాల్సిన మిల్లు వీధి వాల్వు తొమ్మిది రోజుల పాటు ఏడింటికి కట్టాను. ఆరున్నరకి నీళ్ళు రావాల్సిన బడి వీధి వాళ్ళు బిందెలు పట్టుకుని అడిగితే మోటారు వేడెక్కిందని చెప్పాను. పదో రోజు టైలర్ అత్తయ్య జాకెట్టు ఇవ్వడానికి మిల్లు వీధికి వెళ్ళి, పావు తక్కువ ఏడింటికి అక్కడ కుళాయిలు ధారగా పోతుండటం చూసింది. మిగతాది నీకు చెప్పాను.

మామయ్య తల పగలగొట్టింది నేనే అమ్మా. రాయి వేరేవాళ్ళు వేశారు, అంతే తేడా.

ఇంజినీరు గారు నిన్న పిలిచి, "ఆదివారం నువ్వు ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పమ్మా, నీ మాటైతే వింటారు, ఆయన కూతురివి" అన్నారు. ఆయన వెనక గోడ మీద నాన్న ఫొటో. దాని కింద ఆ అక్షరాలు: 'కూర్చుని మాట్లాడుకుందాం.' పాతికేళ్ళ కిందట ఇదే వాల్వు గుంట దగ్గర, ఇవే రెండు వీధుల మధ్య, కర్రల ముందు చేతులూపుకుంటూ వెళ్ళి కూర్చున్న మనిషి. ఆయన కూతురు తొమ్మిది రోజులు అబద్ధమాడిందని ఇంజినీరు గారికి ఎలా చెప్పను?

ధైర్యం వస్తుందేమోనని నాన్న నోటుబుక్కు తీశాను. తగువులు తీర్చిన వాళ్ళ గురించి ఎక్కడ విన్నా, ఎక్కడ చదివినా రాసుకునేవాడు కదా. పొలం గట్టు మీద అన్నదమ్ములు గొడ్డళ్ళు ఎత్తితే మధ్యలో నిలబడి, "మీ ఇద్దర్నీ బయటికి లాగిన చేతులివి, ముందు వీటిని నరకండి" అన్న మంత్రసాని ఉంది అందులో. "శాంతి మూటగట్టి ఇచ్చేది కాదు, రోజూ పొద్దున్నే లేచి వండుకునేది" అన్న వంటమనిషి ఉన్నాడు. జైలు నుంచి వచ్చి, తన కొడుకుని చంపినవాడి ఇంటికే మొదట వెళ్ళిన తండ్రి ఉన్నాడు. చదివేకొద్దీ నాకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. వీళ్ళంతా ఏ ఇనుముతో చేసిన మనుషులు? ఒక్కటి అర్థం కాలేదు. ప్రతి ఒక్కరి పేరు పక్కనా నాన్న పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాడు. మంత్రసాని దగ్గర మాత్రం దాన్ని కొట్టేసి టిక్కు పెట్టాడు. నమ్మలేదా ఏమిటి వీళ్ళని?

నేను నిజం చెబితే బడి వీధి చంపుతుంది, చెప్పకపోతే రెండు వీధులూ చంపుకుంటాయి. ఆదివారం ఎనిమిదింటి బస్సుకి నీ దగ్గరికి వచ్చేస్తాను. బ్యాగు సర్దేశాను. రావద్దనకు.

నీ వాగుడుకాయ


శుక్రవారం

ఓసి వాగుడుకాయా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు తిట్టేస్తాను, తర్వాత మాట్లాడతాను. బుద్ధుందా నీకు? వాడెవడో బండి ఆపి బెదిరిస్తే ఆ పూటే నాకు చెప్పొద్దూ? అబద్ధాలాడటం ఎప్పుడు నేర్చావే? టైలర్ మామయ్య నీకు స్కూలు గౌన్లన్నీ ఊరికే కుట్టిపెట్టాడు. సరే, అయిపోయాయి తిట్లు.

రావద్దని అనను. పక్క వేసి ఉంచుతాను. నా కూతురు నా దగ్గరికి రావడానికి కారణాలు చెప్పక్కర్లేదు. కానీ ఒక మాట పాతికేళ్ళుగా నా కడుపులో ఉంది. మీ నాన్న చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది, ఇంక చెబితే ఆయనేమీ అనుకోరు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నువ్వు నా చంకలో ఉన్నావు, రెండేళ్ళ పిల్లవి. రెండువైపుల నుంచీ జనం కర్రలతో వచ్చేశారు. పంపు గది వాళ్ళంతా పారిపోయారు. మీ నాన్న కూడా పారిపోదామనే తిరిగారు. కాళ్ళు రాలేదే! అక్కడికక్కడే కూలబడిపోయారు. చేతులూపుకుంటూ వెళ్ళారట! ఎవరు చెప్పారే నీకు? కర్ర ఎత్తినవాడు పైకొచ్చి "ఏంట్రా కూర్చున్నావ్?" అని అరిచాడు. లేవలేనని ఎలా చెబుతారు? నోటికి ఏదొస్తే అదన్నారు. "కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాటే మీ ఆఫీసు గోడకెక్కింది.

ఇంటికొచ్చాక మూడు రోజులు జ్వరం. ఆ ప్యాంటు తడిసిపోయింది, నేనే ఉతికాను. "ఎవరికీ చెప్పకే" అని నా చెయ్యి పట్టుకున్నారు.

అక్కడితో అయిపోలేదు. ఆ పేరు విని ఎక్కడ తగువైనా మీ నాన్న కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళు అటు తిరగ్గానే ఈయన ఇటు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకునేవారు. నోరు కడుక్కుని, ఆ ముక్కాలిపీట చంకన పెట్టుకుని బయల్దేరేవారు. పీట ఎందుకనుకున్నావు? జనం ఏదో గొప్ప అర్థం చెప్పుకున్నారు. కాళ్ళు ఎప్పుడు మొరాయిస్తాయో తెలియదు గనక, అంతే. పీట వేసుకుని కూర్చుంటే వణుకు కనపడదు.

ధైర్యమున్నవాడికి ఆ నోటుబుక్కు ఎందుకే పిచ్చిదానా? ఆయన వాళ్ళందరినీ అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే, 'మీకు కాళ్ళు వణికాయా?' అని. పుస్తకాల్లో వాళ్ళ మాటలు రాస్తారు, గెలిచిన సంగతి రాస్తారు, ఇది మాత్రం ఎవరూ రాయరు. ఆ ప్రశ్నార్థకాలు అవి. మంత్రసాని ఒక్కతే బతికి ఉండగా దొరికింది. రెండు బస్సులు మారి వెళ్ళి అడిగారు. "వణకడమేంటి నాయనా, ఇప్పటికీ ఆ గట్టు దాటాలంటే కళ్ళు మూసుకుంటాను" అందట. ఆ రోజు ఇంటికొచ్చి పండగ వచ్చినట్టు నవ్వారు. టిక్కు అప్పుడే పెట్టారు.

బస్సెక్కుతావో, పీట తీస్తావో నీ ఇష్టం. పీట పంపు గదిలో సున్నం డబ్బాల వెనక ఉంటుంది. ఒక కాలు కాస్త వదులు, చూసుకుని కూర్చో.

అమ్మ


సోమవారం

అమ్మా,

బతికే ఉన్నాను. ఎడమ చెంప వాచింది, అంతే. కంగారు పడకు.

బస్టాండుకే వెళ్ళాను. అబద్ధం ఎందుకు, ఇంక చాలు అబద్ధాలు. బ్యాగు పైన పెట్టి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను కూడా. డ్రైవరు బాబాయి ఇంజను వేశాడు. అప్పుడు ఆ వదులు కాలు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో నాన్న దాన్ని బిగించుకోలేదంటే, ప్రతిసారీ దాని మీద కూర్చుని పడిపోకుండా చూసుకుంటూ మాట్లాడాడన్నమాట. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బ్యాగు దింపుకుని దిగిపోయాను. అర ఫర్లాంగు నడిచేసరికి నవ్వు పోయి చెమటలు పట్టాయి. పంపు గది వెనక వాంతి చేసుకున్నాను. ఆయన కూతురినే కదా!

పది కాకముందే జనం నిండిపోయారు. ఇటు బడి వీధి, అటు మిల్లు వీధి, మధ్యలో వాల్వు గుంట. ఉన్న ఒక్క పోలీసూ టీ కొట్టు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఇంజినీరు గారికి ఒంట్లో బాగోలేదట, రాలేదు. నేను పీట చంకన పెట్టుకుని మధ్యలోకి వెళ్తుంటే ఎవరో "అదుగో, మళ్ళీ పీట వచ్చిందిరా!" అన్నారు. కొందరు నవ్వారు. నా కాళ్ళు నావి కావు. గుంట పక్కన పీట వేసి కూర్చున్నాను. అది ఒక పక్కకి ఒరిగింది. నాన్న ఫొటో కింది మాట చెబుతానని అందరూ చూస్తున్నారు. నేను నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"దొంగ కడ్డీ లేదు. మిల్లు వీధికి అరగంట ఎక్కువ వదిలింది నేనే. మోటారు వేడెక్కిందని చెప్పింది అబద్ధం. భయపడి చేశాను" అన్నాను.

ఒకేసారి అందరూ అరిచారు. ఒక రాయి వచ్చి పీట కాలికి తగిలింది. టైలర్ అత్తయ్య జనాన్ని తోసుకుని వచ్చి నా చెంప ఛెళ్ళుమనిపించింది. రెండోసారి చెయ్యెత్తి, నా మొహం చూసి ఆగిపోయింది. "ఎవరికి భయపడ్డావే? పేరు చెప్పు!" అంది. బడి వీధి కర్రలన్నీ ఆ పేరు కోసమే చూస్తున్నాయి. మీసాలాయన మూడో వరసలో ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. అంత భయం ఆయన మొహంలో చూస్తానని అనుకోలేదు.

"చెప్పను అత్తయ్యా. చెబితే ఇవాళ ఇంకో తల పగులుతుంది. ఆ మనిషి ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు. నాకు అది చాలు" అన్నాను.

ఎవరూ కౌగిలించుకోలేదమ్మా, అంత సినిమా ఏమీ జరగలేదు. కానీ ఎవరిని కొట్టాలో తెలియక కర్రలు దిగాయి. మిల్లు వీధి ముసలాయన ఒకడు, "మరి మేం దొంగలం కాదని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?" అని అడుగుతూ కింద కూర్చున్నాడు. అత్తయ్య, "మరి మా ఆయన కన్ను సంగతేంటి?" అంటూ ఎదురుగా కూర్చుంది. సాయంత్రం దాకా తిట్టుకున్నారు. కానీ కూర్చునే తిట్టుకున్నారు. చివరికి, వాల్వు తిప్పేటప్పుడు ఒక్కో వీధి నుంచి ఒక్కో మనిషి పక్కన నిలబడాలని తేలింది. నా మీద విచారణ ఉంటుందట, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కొత్తవాళ్ళు వచ్చేదాకా తిప్పేది నేనే. ఇవాళ పొద్దున అయిదింటికి వస్తే అత్తయ్య టార్చిలైటు పట్టుకుని పంపు గది మెట్ల మీద కూర్చుని ఉంది. నాతో మాట్లాడలేదు. కానీ ఉంది. నాకు ఇంకా భయంగానే ఉంది. కాకపోతే ఇప్పుడు ఒక్కదాన్నే లేను.

ఆరున్నరకి వాల్వు కట్టేశాక అత్తయ్య నోరు విప్పింది. "అచ్చం మీ నాన్నలాగే కూలబడ్డావే" అంది. నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ కూడా ఆ రోజు అక్కడే ఉందట. "కూర్చున్నాడని కర్ర ఎత్తినవాడు ఊరుకున్నాడనుకున్నావా? ఊరుకోలేదు. కర్ర మీ నాన్న నెత్తిన వెయ్యబోయాడు. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని నడిచొచ్చి, మీ నాన్న పక్కన కాదు, ముందు కూర్చుంది. ఆ కర్రకీ ఆయనకీ మధ్య. అప్పుడు ఆగాడు వాడు. మేం అందరం చూశాం. ఫొటో తీసేవాళ్ళు వచ్చేసరికి మీ అమ్మ నీకు పాలు కలపడానికి ఇంటికి వెళ్ళిపోయింది" అంది.

నాన్న భయం సంగతి అంత రాశావు, ప్యాంటు తడిసిన సంగతి కూడా రాశావు. ఇది రాయలేదేమమ్మా? 'నేను అక్కడే ఉన్నాను' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావా?

నోటుబుక్కులో చివరి పేజీ ఖాళీగా ఉంది. నాన్న పెన్సిలుతోనే 'నాన్న' అని రాసి పక్కన టిక్కు పెట్టాను. దాని కింద 'అమ్మ' అని రాసి ప్రశ్నార్థకం పెట్టాను.

బాబాయి తిరుగు బస్సు తీసేలోపు జవాబు పంపు. నీకు కాళ్ళు వణికాయా అమ్మా?

నీ వాగుడుకాయ