తాటినార కుంచెలు

వించిపేట,
12-11-1999

మీకు జహీదా సలాములు.

ఉత్తరం అందగానే ముందు మన సరుకు పెట్టెలు చెన్నైలో ఓడ ఎక్కకుండా ఆపించండి. కారణం తర్వాత చదవండి.

చలిదేశాల వాళ్ళు గోడగూట్లో మంట పెట్టుకుంటారనీ, దాని పక్కన చువ్వ, పార, పట్టకారు, బూడిద ఊడ్చే కుంచె ఉంచుకుంటారనీ మీరే చెప్పారు. ఇనప సామాను మీరు కొలిమిలో సాగదీశారు. పెట్టెకొకటి చొప్పున రెండు వందల కుంచెలూ నేను కట్టాను. వాటిలో 161 నుంచి 200 దాకా ఉన్నవి తాటినార కాదు, నైలాను. వానకి తడిసి నార బూజు పట్టింది. మీకు చెబితే బందరు వెళ్ళి తెచ్చేవారు. చెప్పకుండా గవర్నర్‌పేటలో నార రంగుదే చూసి నైలాను కొన్నాను.

ఎందుకు దాచానో కూడా రాస్తాను. సెప్టెంబరులో, సరుకు ఓడకెక్కించే ఏజెంటు మనింటికి వచ్చినప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. "కుంచెలు ఎవరు కడతారు సాయిబూ, ముడి ఎక్కడా కనబడదే" అన్నాడు. "బజారు సరుకేనండీ" అన్నారు మీరు. ఇంట్లో ఆడవాళ్ళ చేత పని చేయిస్తున్నాడంటారని మీ భయం. తెలుసు. అయినా నార కోసిన వేళ్ళు కడుక్కున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. బజారు సరుకైతే బజారు సరుకే కానీ అనుకుని కట్టాను.

ఇవాళ పొద్దున, మిగిలిన నైలానుతో ఇంటికి కట్టుకున్న కుంచెతో కుంపటి బూడిద తీశాను. అడుగున నిప్పుంది. పోచలు ముడుచుకుని, కరిగి, మండుతూ చాప మీద చుక్కలుగా రాలాయి. నీళ్ళు పోసి ఆర్పాను. వాళ్ళ గూళ్ళ ముందు తివాచీలుంటాయటగా, పిల్లలు అక్కడే కూర్చుంటారటగా. ప్రతి పిడి మీదా మీ పేరు ముద్ర ఉంది.

తమ్ముడు ముస్తఫా రేపు పినాకిని రైల్లో ఇది తెస్తాడు. "ఉత్తరం చేతిలో పెట్టి పారిపోతానక్కా, బావ ముందు నిలబడను" అంటున్నాడు. పెట్టెల మీద నంబర్లు వేశాను, వెతుక్కోనక్కర్లేదు. మీరేమన్నా పడతాను.

మీ
జహీదా

చెన్నై,
13-11-1999

జహీదాకు సలాం.

ముస్తఫా అన్నంత పనీ చేశాడు. టీకొట్టు దగ్గర పట్టుకుని, ఇది ఇచ్చి వెనక్కి పంపుతున్నాను.

నలభై పెట్టెలూ పక్కన పెట్టించాను. ఏజెంటు గోదాములో అందరి ముందూ అరిచాడు. "బజారు సరుకంటివిగా, ఆ బజారు వాడినే పట్టుకురా పో" అన్నాడు. అప్పుడు చెప్పాను. బజారు వాడెవడూ లేడండీ, కుంచెలు కట్టేది మా ఇంటావిడ జహీదా, తప్పు పట్టుకుని కబురు పంపిందీ ఆవిడే అని. ఏజెంటు ఒక కుంచె తీసి ముడి కోసం తిప్పి చూశాడు. తర్వాత ఏజెంటే, "మరి ఆవిడ రాగలరా? ఓడకి ఐదు రోజులే ఉంది" అన్నాడు.

నీ మీద కోపం పోలేదు. ఆ తివాచీ మీద పిల్లలే ఇప్పటికీ కళ్ళముందు మెదులుతున్నారు. నా మాట మీద నీకున్న కోపమూ అంత త్వరగా పోకూడదు.

నార ఇక్కడే కొన్నాను. నీ ముడి ఎలా ఉంటుందో చూసి నేనే కడదామని ఒక కుంచె విప్పాను. మళ్ళీ కట్టలేకపోయాను. ముస్తఫాని వెంటబెట్టుకుని రా.

నాగుల్ మీరా