నీ గాజుల మేకు

సరోజక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బడి వంటగదిలో పెద్ద గరిటె ఇప్పుడు నా చేతిలోనే ఉంది. ఇవాళ తప్పు చేశాను. మొన్న ఆడికృత్తిక తిరునాళ్లకు తిరుత్తణి కొండ కింద కొన్న గాజులు తీయకుండానే సాంబారు కలిపాను. దించాక చూసుకుంటే డజనులో పదకొండే ఉన్నాయి.

అప్పటికే పిల్లలు పళ్లాలతో వరుసలో కూర్చున్నారు. నాకు సాయంగా ఉండే మల్లిక గరిటెతో అడుగంతా దేవింది.

"ఏమీ తగల్లేదక్కా. పొద్దున యాడో జారిపోయింటాది. వడ్డించేద్దాం."

నాకూ అలాగే నమ్మాలనిపించింది. కానీ పప్పులో గాజుముక్క కనబడుతుందా? అండాలో సాంబారంతా పెరటి గుంటలో కుమ్మరించాను. పిల్లలు గుడ్డుతో, మజ్జిగతో అన్నం తిన్నారు. ఒకటో తరగతి పాప సాంబారు అడిగితే ఇంకో గరిటె మజ్జిగ పోశాను.

సాయంత్రం దాకా వెతికినా ఆ పన్నెండో గాజు దొరకలేదు. సాంబారులో పడిందో లేదో ఇక తెలియదు.

పొయ్యి వెలిగించేముందు నువ్వు గాజులు తగిలించే మేకు తలుపు పక్కన ఇంకా ఉంది. నీదని, నువ్వు పోయాక ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ నా పదకొండూ దానికే తగిలించి వచ్చాను. కోప్పడకు.