వైఫై పెట్టెకు మఖ్మల్ తొడుగు

పిడుగురాళ్ల,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మీకు,

అబిదా సలాములు. ఇక్కడ నేను, అత్తమ్మ, ఫరా అల్లా దయవల్ల కులాసాగా ఉన్నాం. గుజరాత్ రేవులో ఆ క్రేను మీద, ఎండలో ఉప్పుగాలిలో మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. మీ ఉత్తరం మంగళవారం అందింది. నెట్ బాగయ్యేదాకా వీడియో కాల్ చెయ్యనని అలిగి ఉత్తరానికి దిగారు కదా, నేనూ దిగాను.

అడిగినవాటికి జవాబులు. ఫరాకు ముందుపళ్లు రెండూ ఊడాయి, మీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది. అత్తమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఇక కాల్ మధ్యలో వైఫై ఎందుకు చచ్చి బతుకుతోందని అడిగారు. అది చెప్పాలంటే కాస్త పొడుగు.

కనెక్షన్ ఇచ్చినతను కరెంటు హెచ్చుతగ్గులన్నాడు. స్టెబిలైజర్ పెట్టాం, కుదరలేదు. అడాప్టర్ మార్చాం, కుదరలేదు. పక్కింట్లో మోటార్లు బాగుచేసే మీరా సాహెబ్ మామ, "ఊరికే సామాన్లు మార్చబాకమ్మాయ్. ఎప్పుడెప్పుడు పోతందో రాసిపెట్టు, అదే దొరికిద్ది" అన్నాడు. ఫరా పాత నోటుబుక్కులో రాశాను. పదిహేను రోజుల్లో పదకొండు సార్లు, అన్నీ సాయంత్రం ఏడు దాటాకే, సరిగ్గా మీరు మాట్లాడుతుండగానే పెట్టె మీది లైట్లన్నీ ఆరి మళ్లీ మొదటినుంచి వెలిగేవి. ఆగని నాలుగు రోజులూ అత్తమ్మ మాచవరంలో చెల్లెలింట్లో ఉంది.

నవ్వాలో భయపడాలో తెలియలేదు. ఆమె తిరిగొచ్చాక కనిపెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం సున్నపు బట్టీల దుమ్ము ఇటే కొడుతుంది కదా. అసర్ నమాజు కాగానే పెట్టెను తుడిచి, ఫరా పండుగ గౌనులో మిగిలిన గుడ్డతో తను కుట్టిన మఖ్మల్ తొడుగు తొడిగింది. నేను రోజూ చూస్తున్నదే. మనింట్లో మిక్సీకీ ఫ్రిజ్‌కీ కూడా గౌన్లే కాబట్టి అది నా కంటికి ఆనలేదు.

పిలిస్తే వచ్చిన మామ తొడుగు ఎత్తి, పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "ఏందక్కా, దీనికేమన్నా చలిజొరమా? చానా కాలిపోతంది, ఊపిరాడక సొమ్మసిల్లతంది" అన్నాడు. తొడుగు తీసి మూడు రోజులైంది. ఫరా గంటల తరబడి బొమ్మల వీడియోలు చూసినా ఒక్కసారీ ఆగలేదు.

అత్తమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. "ఏమే అబిదా, నా బిడ్డ మాటకు నేనే అడ్డం పడితినే. రెండేళ్ల సంగతి వాడు అడిగినప్పుడు కూడా నేనే తెంపితిని గదా" అని ఒకటే ఏడుపు. ఓదార్చాను గానీ నిజం చెప్పలేకపోయాను. ఆ పెద్దామె కన్నీళ్ల చాటున దాక్కోవడం నావల్ల కావడం లేదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

మీరు ఆ రెండేళ్ల సంగతి అడిగిన రోజు తొడుగు ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. ఆమెకు గుర్తులేదు, నాకు గుర్తుంది. "ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండమంటన్నారు, సూపర్వైజర్ని చేస్తారంట. ఏమంటావ్ అబిదా?" అని మీరు అడిగారు. మీ ముఖం వెలిగిపోతోంది. నా చెయ్యి బల్ల వెనక్కి పోయింది. స్విచ్ నేనే కట్టేశాను. కాసేపటికి మళ్లీ వేసి, ఆ పూట కూడా వైఫై పోయిందని నోటుబుక్కులో రాశాను. ఆ పదకొండులో ఒకటి అబద్ధం.

వద్దంటే మీ ఎదుగుదలకు అడ్డుపడినదాన్నవుతాను. సరే అనడానికి నోరు రాలేదు. పిరికిదాన్ని, ఏదీ అనకుండా తప్పించుకున్నాను. మీరేమో మౌనం అర్ధాంగీకారమని, నెలాఖరుకు సంతకం పెడతానని రాశారు. అది అంగీకారం కాదండీ. నాలుగేళ్లు ఓర్చుకున్నాను. మీమీద బెంగతో నా ప్రాణం పోతోంది.

అత్తమ్మకు ఈ సాయంత్రమే చెప్పేస్తాను, ఎంత తిట్టినా పడతాను. ఈ ఉత్తరం అందిన రోజే వీడియో కాల్ చెయ్యండి. ఆ ప్రశ్నే మళ్లీ అడగండి. వద్దు, వచ్చేయండి అని అందరి ముందే అంటాను. అది విన్నాక కూడా సంతకం పెట్టాలనే ఉంటే, నా ముఖం చూస్తూ చెప్పండి. నేను స్విచ్ జోలికి పోను.

ఇట్లు,
మీ ఇల్లాలు, ఫరా వాళ్లమ్మ,
అబిదా